నెమళ్ళ దుప్పటిలో గిటారు పెట్టె

ఆదివారం పొద్దున రామకోటేశ్వరరావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. గిటారు పెట్టెని దుప్పట్లో మూట కట్టాలి. బెజవాడ నుంచి ఆటోలో ఇబ్రహీంపట్నం తీసుకెళ్ళి బాలశౌరి చేత బాగుచేయించాలి. సాయంత్రానికి పటమటలో చర్చి ఆవరణకి చేర్చాలి. ఇందులో ఎవరితోనూ పెద్దగా మాట్లాడే అవసరం లేదు. ఆ ప్లానులో ఆయనకి అన్నిటికంటే నచ్చింది అదే.

గిటారు పెట్టె అంటే గిటారు దాచుకునే పెట్టె కాదు. తీగ మీద వేలు పడితే ఆ చప్పుడుని ఊరంతటికీ వినిపించే పెట్టె. వాల్వుల యాంప్లిఫయరు. టేకు చెక్క ఒళ్ళు, ముందు బంగారు రంగు గుడ్డ, వెనక వరసగా గాజు వాల్వులు. అప్పుడే పుట్టిన గేదె దూడంత బరువు. వయసులో ఉండగా విశాఖపట్నం రేవులో దిగిన ఒక ఓడ మనిషి దగ్గర కొన్నాడు. స్విచ్చి వేయగానే పలికే రకం కాదు. ముందు వాల్వులు పొయ్యిలో పిడకలా నెమ్మదిగా ఎర్రబడాలి. ఎర్రబడ్డాక మాత్రం ఆ నాదం చిక్కటి పాలు మరిగి మీగడ కట్టినట్టు ఉంటుంది. పగలు సహకార బ్యాంకులో గుమాస్తాగా కూర్చుని, పొద్దుగూకితే హనుమాన్ జంక్షన్ నుంచి అవనిగడ్డ దాకా పెళ్ళి పందిళ్ళలో ఆర్కెస్ట్రాకి గిటారు వాయించిన మనిషి ఆయన. నోటితో అనని మాటలన్నీ ఆ పెట్టెతోనే అన్నాడని తోటివాళ్ళు చెప్పుకుంటారు.

ఆ ఆర్కెస్ట్రాలో పాడిన తెరేసమ్మ పాట మానేసి చాలా ఏళ్ళయింది. గొంతు సన్నబడిందని ఆవిడే మానుకుంది. ఈసారి చర్చి పండక్కి ఒక్క పాటన్నా పాడమని అందరూ బతిమాలితే చివరికి ఒప్పుకుంది. అదీ ఒక షరతు మీద.

"కోటేశ్వరరావు తమ్ముడు ఆ పెట్టె పెట్టుకుని నా వెనకాల కూచుంటేనే పాడతా. దాని మోత వెనకుంటే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నాకు తెలుస్తది. ఈ కొత్త డబ్బాలతో నావల్ల కాదు."

ఆ కబురు విన్న దగ్గర్నుంచి రామకోటేశ్వరరావు నడకే మారింది. పెట్టె జబ్బు పడటానికి సరిగ్గా ఆ వారమే ఎంచుకుంది. స్విచ్చి వేస్తే గిటారు వినిపించదు, తేనెతుట్టె కదిలినట్టు రొద. శనివారం సాయంత్రం ఆయన దాని వెనక తల దూర్చి చూస్తుండగా, భార్య పద్మావతమ్మ హాల్లో టీవీ ముందు నుంచి లేచి ఏదో అంది. పెద్ద మాటే అయ్యుండాలి, చెయ్యి కూడా ఊపింది. ఆయనకి రొద తప్ప ఇంకేం వినబడలేదు. "ఊఁ" అన్నాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆ "ఊఁ" తోనే కాపురం నడుస్తోంది. మరు నిమిషంలో పెట్టెలోంచి మాడు వాసన, ఆ వెనకే ఫ్యూజు పోయి టీవీలో సీరియలు, ఇంట్లో దీపాలు ఒకేసారి ఆరిపోయాయి.

పొద్దున్నే ఆయన నెమళ్ళ దుప్పటి తీసి పెట్టెని మూట కట్టాడు. ఆ దుప్పటి పద్మావతమ్మ తమ్ముడు విఠల్ పెట్టిన కానుక. ఎటు చూసినా పురివిప్పిన నెమళ్ళే. తీగలు, స్క్రూలు పెట్టుకునే అర ఒకటి పెట్టె వెనక ఉంది. చేతులు ఖాళీగా ఉండాలని ఫోను అందులో పడేశాడు.

పద్మావతమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. బయల్దేరే మనిషిని ఎక్కడికి అని అడగకూడదు. అడిగితే వెళ్ళిన పని కాదు. అందరిళ్ళలోనూ ఉన్న పట్టింపే గానీ ఆవిడ పుట్టింట్లో మరీ ఎక్కువ. వాళ్ళ తాతని మంచంతో సహా ఆస్పత్రికి మోసుకెళ్తుంటే కూడా, గుమ్మంలో నిలబడి "దూరమా?" అనే అడిగారట.

"దూరమా?" అంది పద్మావతమ్మ.

"ఊఁ," అన్నాడు ఆయన.

ఆవిడ గొంతు బొంగురుపోయినట్టు అనిపించింది గానీ, మూట బరువులో ఆయన అంతగా పట్టించుకోలేదు.

బాలశౌరి థర్మల్ స్టేషన్‌లో చేసి రిటైరైన మనిషి. ఇంటి వరండాకి ఆనుకుని చిన్న కొట్టు. బయట బోర్డు మీద "పాత రేడియోలు కొనబడును, బాగుచేయబడును" అని ఉంటుంది. అణకువ అన్నది ఆయన దగ్గర మచ్చుకి కూడా దొరకదు.

"వాల్వుల సంగతి ఈ జిల్లాలో నాకు తెలుసు. నా తర్వాత దేవుడికి తెలుసు," అంటూ పెట్టె వెనక స్క్రూలు విప్పి, వాల్వులూ తీగలూ బిగించి ఉన్న ఇనప పళ్ళేన్ని బయటికి లాగాడు. దాని మీద ఒక డబ్బాని వేలితో తట్టాడు. "ఇదుగో, కండెన్సరు ఉబ్బింది. వానాకాలం అప్పడంలాగా. ఇది మార్చాలి. ఇంకోటి, పెట్టె మూల ఊడింది. మీ బావమరిదికి కొండపల్లిలో బొమ్మల కొట్టేగా, ఆయన్ని రమ్మనండి. వాళ్ళ వడ్రంగుల చేత అతికించుకొస్తాడు."

"ఊఁ," అన్నాడు రామకోటేశ్వరరావు. రమ్మనాలంటే ఫోను చేయాలి, మాట్లాడాలి. అది తర్వాత చూసుకోవచ్చనుకున్నాడు.

"ఇక మీరు బయటికెళ్ళి ఇడ్లీ తినిరండి. రోగి తాలూకు వాళ్ళు పక్కనుంటే నా చెయ్యి ఆడదు."

అది బాలశౌరి పద్ధతి. సొంతదారు ఎదుట ఆయన దేన్నీ ముట్టుకోడు. రామకోటేశ్వరరావు వెళ్ళాడు. ఖాళీ పెట్టెకి ఎండ తగలాలని బాలశౌరి దాన్ని వరండాలో పెట్టి, దుమ్ము పడకుండా నెమళ్ళ దుప్పటి కప్పాడు. స్పీకరు మాత్రం పెట్టెకే బిగించి ఉంది.

ఆ సమయంలో ఇంట్లో ఏం జరుగుతోందో రామకోటేశ్వరరావుకి తర్వాత తలా ఒకరూ తలా ఒక ముక్క చెబితే తెలిసింది.

శనివారం సాయంత్రం పద్మావతమ్మ అన్న మాట ఇది: "ఈ ఇంట్లో ఆ పెట్టన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. తేల్చుకోండి." దానికి ఆయన "ఊఁ" అన్నాడు. తెల్లారేసరికి పెట్టెని మూట కట్టుకుని, దూరమేనని చెప్పి వెళ్ళిపోయాడు. ఆవిడకి అంతా అద్దంలో కనపడ్డట్టు కనపడింది. సోఫాలో కూలబడింది. ఫోను చేసింది. ఎత్తలేదు. ఎదురింటి రమాసుందరి వచ్చింది.

"నా ఒక్క మాటకి, రమా. ప్రాణం లాంటి పెట్టె. మారు మాట్లాడకుండా అమ్మడానికి తీసుకెళ్ళిపోయారు."

"ఎక్కడికని అడగలేకపోయారా?"

"బయల్దేరే మనిషిని ఎట్టా అడగను?"

"అదీ నిజమేలెండి," అని రమాసుందరి కళ్ళు తుడుచుకుని తమ వాటాలోకి వెళ్ళింది. భర్త అచ్యుతరామారావు పేపరు చదువుతున్నాడు. కాసేపు ఆయన్నే చూసి అడిగింది.

"నా కోసం మీరేం వదులుకున్నారు?"

అచ్యుతరామారావు పేపరు మడిచి, "రెండో కాఫీ మానేశాగా," అన్నాడు.

మధ్యాహ్నానికల్లా ఆ అపార్టుమెంటులో ప్రతి మొగుడికీ ఆ ప్రశ్న ఎదురైంది. రామకోటేశ్వరరావు లాంటి మనిషి నూటికో కోటికో ఒకడని ఆడవాళ్ళందరూ ఒక మాట మీదికి వచ్చారు. ఆ మనిషితో లిఫ్టులో ఒక్కసారైనా మాట్లాడినవాళ్ళు మాత్రం వాళ్ళలో ఎవరూ లేరు. అందరూ వింటుండగా పద్మావతమ్మ మొక్కుకుంది.

"ఆ పెట్టె తిరిగి నా గడప తొక్కితే, హాల్లో టీవీ ఉన్న చోట దాన్ని కూచోబెడతా. టీవీ వంటింట్లో పెట్టుకుంటా."

వాచ్‌మన్ ఏసుపాదం ఆ మాట విని గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారూ, అయ్యగారు ఆటో మాట్లాడుకునేటప్పుడు ఇబ్రహీంపట్నం అన్నారండి."

ఇబ్రహీంపట్నం పక్కనే కొండపల్లి. పద్మావతమ్మ తమ్ముడికి ఫోను చేసింది. విఠల్ కొట్టు మూసేసి, బొమ్మలు తోలుకునే ట్రాలీ ఆటో వేసుకుని బయల్దేరాడు. ఇబ్రహీంపట్నంలో సందు సందూ వెతికే పని కూడా లేకపోయింది. ఒక వరండాలో తను పెట్టిన నెమళ్ళే ఎండ కాచుకుంటూ కనిపించాయి. పైన "కొనబడును" అన్న బోర్డు.

లోపల బాలశౌరి పొగ మధ్యలో తల వంచుకుని అతుకులు వేస్తున్నాడు.

"ఆ పెట్టె మా బావగారిదండి. నేను తీసుకెళ్తున్నా," అన్నాడు విఠల్, గొడవకి సిద్ధపడి.

"రండి, మీకోసమే చూస్తున్నా. తీసుకెళ్ళండి," అన్నాడు బాలశౌరి తలెత్తకుండా.

విఠల్ కాస్త తగ్గాడు. "అది అమ్మేది కాదు."

"నేను కొనేవాణ్ణీ కాదు. మూల జాగ్రత్త, ఊడి ఉంది."

ఇంత తేలిగ్గా వదిలేశాడంటే మంచివాడే అనుకుని, విఠల్ పెట్టెని దుప్పటితో సహా కట్టి ట్రాలీలో ఎక్కించాడు.

రామకోటేశ్వరరావు ఇడ్లీ తిని, ఆ పక్క బెంచీ మీద కూర్చుని, థర్మల్ గొట్టాల పొగ ఎటు పోతోందో మధ్యాహ్నం దాటేదాకా చూసి, తీరిగ్గా తిరిగొచ్చాడు. వరండా ఖాళీగా ఉంది.

"పెట్టె?"

"మీ బావమరిది తీసుకెళ్ళాడుగా. అతికించడానికి."

"నేను రమ్మనలేదే."

బాలశౌరి సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టాడు. "మరి ఎట్టా వచ్చాడు?"

రామకోటేశ్వరరావు జేబు తడుముకున్నాడు. ఫోను పెట్టె వెనక అరలో ఉంది. ఆయనకి ఎవరి నంబరూ నోటికి రాదు, తనది తప్ప. ఆ నంబరుకి బాలశౌరి చేస్తే మోగుతూనే ఉంది. ఎత్తేవాళ్ళు లేరు. ఇద్దరూ కొండపల్లి వెళ్ళి చూశారు. కొట్టుకి తలుపులు వేసి ఉన్నాయి. పక్క కొట్టాయన, "బెజవాడ పోయాడండి, మూటేదో కట్టుకుని," అన్నాడు.

పొద్దు వాలుతోంది. "పళ్ళెం సిద్ధంగా ఉందిగా. నేను తీసుకుపోతా," అన్నాడు రామకోటేశ్వరరావు. అంత పొడుగు మాట ఆయన నోట బాలశౌరి ఎప్పుడూ వినలేదు.

"ఎట్టా తీసుకుపోతారు? స్పీకరు తగిలించకుండా స్విచ్చి వేస్తే ట్రాన్స్‌ఫార్మరు మాడిపోద్ది. స్పీకరేమో మీ బావమరిది దగ్గర. నేను బాగుచేశానో లేదో నాకే తెలియదు. ఇట్టాంటి అవమానం నాకెప్పుడూ జరగలేదు, రావుగారు. నేనూ వస్తున్నా."

ఇద్దరూ ఆటో ఎక్కారు. ఇనప పళ్ళేన్ని రామకోటేశ్వరరావు ఒళ్ళో పెట్టుకున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా వాల్వుల మీద చెయ్యి అడ్డం పెట్టాడు. తెరేసమ్మ తెల్ల చీర కట్టుకుని ఈ పాటికి చర్చికి వచ్చి ఉంటుంది. పెట్టె లేదని తెలిస్తే ఆవిడ కోప్పడదు. నవ్వి, మరోసారి చూద్దాంలే తమ్ముడూ అంటుంది. ఆ మరోసారి రాదని ఇద్దరికీ తెలుసు. ఆయన డ్రైవరు భుజం తట్టాడు. ఆటో వేగం పెరిగింది.

అక్కడ విఠల్ విజయం సాధించి అక్క ఇంటికి చేరాడు. ఆడవాళ్ళు పెట్టెకి దిష్టి తీసి లోపలికి రానిచ్చారు. మొక్కు ప్రకారం టీవీని వంటింట్లోకి మోయించారు. ఈ శుభవార్త చెబుదామని పద్మావతమ్మ భర్తకి ఫోను చేసింది. హాల్లో పెట్టె మోగింది. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. రమాసుందరి ధైర్యం చేసి దుప్పటి విప్పింది. వెనక అరలో ఫోను వెలుగుతోంది. దాని పక్కన వాల్వులు ఉండాల్సిన చోట చీకటి.

"అయిపోయింది. లోపలి ప్రాణం ముందే అమ్మేశారు," అంది పద్మావతమ్మ. "విఠలూ, ఎత్తు దీన్ని. ఆ మనిషి దగ్గరికే పద."

"వద్దక్కా, నేనొక్కణ్ణే..."

"దూరమైనా నేనే వస్తా."

బరువు తగ్గినట్టు అనిపించలేదా అని ఎవరో విఠల్‌ని అడిగారు. అక్క కాపురం మోస్తున్నా అన్న ధ్యాసలో తెలియలేదని ఆయన జవాబు.

అలా పెట్టె ఇబ్రహీంపట్నం వైపు, దాని ప్రాణం బెజవాడ వైపు, ఒకే రోడ్డు మీద ఎదురెదురుగా బయల్దేరాయి. గొల్లపూడి దగ్గర లారీల మధ్య నుంచి రామకోటేశ్వరరావుకి అవతలి వైపు పోతున్న ట్రాలీలో నెమళ్ళు కనిపించాయి. వాటి పక్కన పద్మావతమ్మ.

ఆయన ఆటోలోంచి సగం బయటికి వంగి, "పద్మా!" అని కేక పెట్టాడు.

పెళ్ళయిన తర్వాత ఆవిడ భర్త నోట కేక వినడం అదే మొదలు. అంత గొంతు ఆయనకి ఉందని కూడా అప్పటిదాకా తెలియదు. ట్రాలీ ఆగింది.

చెరకు రసం బండి పక్కన పెట్టె దింపారు. పద్మావతమ్మ ఆయన ఒళ్ళోని ఇనప పళ్ళెం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇది కూడా ఇచ్చెయ్యకుండా దాచుకొచ్చారా. ఏదో కోపంలో అన్నా. ఇంత పని చేస్తారా నా కోసం? ఇక మీదట దాని చోటు హాల్లోనే. మొక్కేసుకున్నా. అందరూ విన్నారు."

రామకోటేశ్వరరావుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. బాలశౌరికి కాస్త అర్థమైంది గానీ, ఆయన అప్పటికే పళ్ళేన్ని పెట్టెలోకి తోసి, స్క్రూలన్నీ పెదాల మధ్య పెట్టుకుని బిగిస్తున్నాడు. నోరు తెరిస్తే స్క్రూ పోతుంది. స్క్రూ కంటే నిజం ఆయనకి ముఖ్యం కాదు.

"ఊఁ," అన్నాడు రామకోటేశ్వరరావు, వేళ మించిపోతోందని.

"బంగారం లాంటి మనిషి," అంది పద్మావతమ్మ చెరకు రసం అతనితో. అతను ఒక గ్లాసు ఊరికే ఇచ్చాడు.

చర్చి ఆవరణలో కుర్చీలు నిండిపోయాయి. అపార్టుమెంటు ఆడవాళ్ళు కూడా ముందు వరసలో కూర్చున్నారు, భర్తల్ని పక్కన పెట్టుకుని. స్విచ్చి వేశాక రొద లేదు. మాట లేదు. ఏమీ లేదు. జనం కదులుతున్నారు. విఠల్ బాలశౌరి వైపు చూశాడు. బాలశౌరి జీవితంలో మొదటిసారి నేల చూపులు చూశాడు. రామకోటేశ్వరరావు ఒక్కడే తొందరపడలేదు. పెట్టె వెనక వంగి చూస్తున్నాడు. నెమ్మదిగా ఒక్కో వాల్వు ఎర్రబడింది. ఆయన తీగ మీద వేలు వేశాడు.

ఆ ఒక్క స్వరం కుర్చీల కాళ్ళ కింద నుంచి పాకి, మనుషుల మోకాళ్ళ మీదుగా పైకి వచ్చింది. దూరంగా బండ్ల మీద పోతున్నవాళ్ళు వేగం తగ్గించారు. తెరేసమ్మ కళ్ళు మూసుకుంది. పాడింది. సన్నబడిన గొంతే. కానీ ఆవిడ ఊపిరి ఆగిన చోటల్లా వెనక నుంచి పెట్టె అందుకుంది. కాలవ దాటే ముసలమ్మకి ఎవరో చెయ్యి అందించినట్టు, పట్టుకున్నట్టు కూడా తెలియకుండా. పాట అయిపోయాక కాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొడితే అది పోతుందేమోనని.

తెరేసమ్మ మైకు వదల్లేదు. పద్మావతమ్మ అంతకు ముందే ఆవిడ చెవిలో అంతా చెప్పింది.

"ఈ పెట్టెని ఇయ్యాల పొద్దున, పెళ్ళాం మాట కోసం అమ్మడానికి తీసుకుపోయాడంట మా తమ్ముడు. ఇట్టాంటి మగాణ్ణి చూశారా మీరు?"

అప్పుడు కొట్టారు చప్పట్లు. రామకోటేశ్వరరావు మొట్టమొదటిసారిగా నలుగురి ముందూ మాట్లాడాలని లేచి, కాదన్నట్టు చెయ్యి ఊపాడు. అంత అణకువ చూసి జనం ఇంకా గట్టిగా కొట్టారు. ఆయన కూర్చున్నాడు. అచ్యుతరామారావు ఒక్కడు చేతులు కట్టుకుని ఆయన వంక చూస్తున్నాడు.

ఇంటికి వెళ్తూ ట్రాలీలో పెట్టెకి అటొకరు ఇటొకరు కూర్చున్నారు.

"అమ్మడానికి కాదు," అన్నాడాయన. "రిపేరుకి."

"మరి నిన్న సాయంత్రం నేనన్నదానికి ఊఁ అన్నారుగా."

"వినపళ్ళేదు."

బెంజి సర్కిల్ దాటాక పద్మావతమ్మ దుప్పటి అంచు సర్దింది.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"బాలశౌరికి."

"ఆయనతో నేను చెబుతాలే. మీరు మాత్రం ఎవరితోనూ అనకండి. ముందు వరసలో కూచున్నవాళ్ళ మొహం నేనెట్టా చూడను?"

"ఊఁ," అన్నాడు ఆయన. ఈసారి విని అన్నాడు.

పెట్టె హాల్లో కూర్చుంది. పద్మావతమ్మ వంటింట్లో పోపు వేస్తూ సీరియలు చూస్తోంది. అక్కడే బాగుందని అందరితో చెబుతోంది. కొద్ది రోజులకి ఒక పొద్దున రామకోటేశ్వరరావు సంచి పట్టుకుని గుమ్మం దాటబోతుంటే, ఆవిడ గరిటె పట్టుకునే వచ్చింది. ఎక్కడికని అడగకూడదన్న పట్టింపుతో ఇక తనకి పనిలేదని అప్పటికే తీర్మానించుకుంది.

"ఎక్కడికి?" అని సూటిగా అడిగింది.

"ఇబ్రహీంపట్నం. బాలశౌరి దగ్గరికి, స్పేరు ఫ్యూజులకి," అన్నాడు ఆయన, పూర్తిగా, వివరంగా.

ఆటో దిగేసరికి బాలశౌరి కొట్టుకి తాళం వేసి ఉంది.